శుక్రవారమా... ఆదివారమా?

బార్కస్... పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట దగ్గరి పేట. నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బ్యారక్‌ల వల్ల ఆ పేరొచ్చింది. జామపళ్లు, హరీస్ ఎంత ఫేమస్సో ఇక్కడి ఫుట్‌బాల్ కూడా అంతే!

అలాంటిచోట ఓ క్లబ్బు 'కుటుంబమంతా మైదానానికి రండి' అని పిలవాలంటే ముందు తేల్చుకోవాల్సింది సెలవు సంగతి. ఆఫీసులకు ఆదివారం సెలవు. పాతబస్తీలో పలు ప్రైవేటు బడులకేమో శుక్రవారం. ఆదివారం పెడితే నాన్న ఖాళీ, పిల్లలు బడిలో. శుక్రవారమైతే పిల్లలు రెడీ, నాన్న డ్యూటీలో! అభిమానుల్ని కదిపితే రెండు జట్లైపోతారు. జుమ్మా నమాజు, భోజనం అయ్యాకే మేలని కొందరు. ఆదివారం బడి వదిలాక చాలని ఇంకొందరు. పోనీ రంజాన్ రాత్రుల్లో పెడదామా అంటే, ఆ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది.

ఇదేం పెద్ద సమస్యా అనుకోకండి. ఎస్.ఎ.రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన కోచ్ కూడా ఆయనే. ఆ ముచ్చట్లు తాతల నోట మనవళ్లు, మనవరాళ్లు వినాల్సింది మైదానం గట్టుమీదే. అమ్మ కూడా వచ్చి చూస్తేనే పిల్లల్ని ఆటకు పంపే ధైర్యం వస్తుంది.

సగం ఆట కాగానే జట్లు వైపులు మారతాయిగా! అలాగే ఓ ఏడు శుక్రవారం, మరో ఏడు ఆదివారం పెడితే సరి.