వచ్చే ఆదివారం

మా అక్కయ్యకి నేను బాకీ. డబ్బు బాకీ అయితే ఏనాడో తీర్చేసేవాణ్ణి. ఇది అమ్మ పాటల బాకీ.

2015 వేసవి సెలవుల్లో అమ్మ చేత పాడించి, సెల్‌ఫోనులో 43 పాటలు పట్టాను. మేలుకొలుపులూ, మంగళహారతులూ, అప్పగింతల పాటలూ, ‘ఊర్మిళాదేవి నిద్ర’తో సహా. అమ్మ బడి చదువు అయిదో తరగతితో సరి. అయినా ఈ పాటలకి ఆవిడకి పుస్తకం అక్కర్లేదు. ఎమ్మే చదివి పిల్లలకి జానపద వాఙ్మయం పాఠం చెప్పేవాణ్ణి గదా, వాటి మీద ఒక వ్యాసం రాసెయ్యాలని నా పేరాశ. ఫోనులో చోటు చాలక పాటలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోనులోంచి తుడిచేశాను. “ఒరే, నాకూ ఇవ్వరా” అని అక్కయ్య అడిగినప్పుడల్లా “వచ్చే ఆదివారం” అనేవాణ్ణి. 2017లో అమ్మ పోయింది. కర్మకాండ అయిపోయి బయల్దేరేటప్పుడు, గుమ్మంలో నిలబడి అక్కయ్య మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ అదే మాటన్నాను. వ్యాసం సంగతంటారా, అడక్కండి.

2019 జూలైలో ఓ సాయంత్రం ప్రశ్నపత్రం టైపు చేస్తుంటే, మా చిన్నవాడి కాలికి వైరు తగిలి లాప్‌టాప్ బల్లమీంచి కింద పడింది. తీసి మీట నొక్కితే లోపల్నించి ‘టిక్కు... టిక్కు...’ మని చప్పుడు, గోడమీద బల్లి పలికినట్టు. నేను ఓ పదిసార్లు నొక్కి ఉంటాను.

మా ఊళ్ళో దుకాణంవాడు చూసి, “ఫార్మాటు కొట్టి చూస్తానుండండి, లేస్తే లేస్తుంది” అన్నాడు. లేస్తే మటుకు? లేచిన డిస్కులో అమ్మ ఉండదుగా! వాడి చేతిలోంచి లాక్కుని బయటపడ్డాను. ఇహ స్టాఫ్ రూములో ఉచిత సలహాలకి కొదవేమిటి? ఎకనమిక్సు మేష్టారు దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. పెట్టాను కూడా. మా ఆవిడే తీసి నా ముందు పడేసింది, “చెమ్మ చేరితే చెడిపోయేదే గాని బాగుపడేది ఎక్కడైనా ఉందా?” అని. ఆవిడ మాటే నిజమని తరవాత తెలిసింది.

అక్కడా ఇక్కడా వాకబు చేసి సికిందరాబాదు వెళ్ళాను. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నలుగుర్ని అడిగి, ఈ పనే చేసే ఒక కుర్రాడి దగ్గరికి చేరాను. పాతికేళ్ళుంటాయి. డిస్కుకి రెండు క్షణాలు కరెంటిచ్చి, సైకిలు షాపువాడు ట్యూబు చెవి దగ్గర పెట్టుకున్నట్టు పెట్టుకుని విన్నాడు.

“ఎన్నిసార్లు ఆన్ చేశారు మాస్టారూ?”

“రెండు మూడు” అని అబద్ధమాడాను.

లోపల అద్దంలాంటి పళ్ళెం నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుందిట. దాన్ని చదివే హెడ్డు గ్రామఫోను ముల్లులాగ ఆనదు. కొద్ది నానోమీటర్ల ఎత్తున గాలిలో తేలుతుంది. నానోమీటరంటే మీటరులో నూరుకోట్లో వంతు. పొగలో నలుసు కూడా ఆ సందున పట్టదు! పడ్డప్పుడు హెడ్డు దెబ్బతింది. అక్షరం ఆనవాలు చిక్కక ఆ చివరికీ ఈ చివరికీ కొట్టుకుంటోంది. అదీ ఆ చప్పుడు. ఆన్ చేసినప్పుడల్లా పళ్ళెం గీసుకుపోయే ప్రమాదం ఉందన్నాడు. నేను తలొంచుకున్నాను.

సరిగ్గా అదే రకం డిస్కు ఇంకోటి వెతికి, దుమ్ము చొరని చోట రెండూ విప్పి, దాని హెడ్లు దీనికి బిగించాలి. “అడుగున ఉన్న బోర్డు మారిస్తే చాలదా?” అన్నాను, అంతకు ముందు రాత్రి చదివిన పాండిత్యంతో. చాలదుట. ఏ డిస్కు జాతకం ఆ డిస్కు బోర్డు మీదే చిప్పులో రాసి ఉంటుందిట. 1956లో ఐబియం వారు చేసిన మొట్టమొదటి డిస్కులో రెండేసి అడుగుల పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిసి పట్టేది 50 లక్షల అక్షరాలు. అమ్మ పాట ఒక్కదానికి అది చాలీచాలనంత. ఇప్పుడది జేబులో పడుతోంది, నిజమే. అంత సుఖంగానూ పోతోంది.

ఖర్చు 28,000 అన్నాడు. ఒప్పుకున్నాను. ఇంటికొచ్చి అక్కయ్యకి ఫోనులో నిజం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. “సరేలే” అని పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

పద్దెనిమిది రోజులకి కబురొచ్చింది. ముందు బాగున్న చోట్లన్నీ చకచకా నకలు తీసుకుని, చెడ్డ చోట్ల జోలికి ఆఖర్న వెళ్ళి, వెనకనించి కూడా చదివించి, చెలమలో నీళ్ళు తోడినట్టు తోడాడు. పేర్ల పట్టిక ఉన్న భాగం మటుకు దక్కలేదు. అంచేత దేనికీ పేరు లేదు, వట్టి అంకెలు. ఆరువందల చిల్లర ఆడియో ఫైళ్ళు. మావాడి ఇంగ్లీషు రైములూ, ఎవరివో ఉపన్యాసాలూ, వాటి మధ్య ఎక్కడెక్కడో అమ్మ. మూడు రాత్రులు కూచుని ఏరితే 36 పాటలు తేలాయి.

‘ఊర్మిళాదేవి నిద్ర’ పూర్తిగా దొరికింది. సగంలో అమ్మ ఊపిరి తీసుకోడానికి ఆగింది. వెంటనే నా గొంతు: “తొందరగా కానీ అమ్మా, అవతల నాకు పేపర్లు దిద్దే పనుంది.” “ఆఁ, ఆఁ” అని అమ్మ మళ్ళీ అందుకుంది. అల్లాగ అన్నట్టు నాకు లవలేశమూ జ్ఞాపకం లేదు. ఆ రాత్రి ఇంక వినలేకపోయాను.

ఆ వచ్చే ఆదివారం, నిజంగా ఆదివారమే, పాటలన్నీ రెండు వేరువేరు డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి సంచిలో వేసుకుని తెనాలి బస్సెక్కాను. అక్కయ్య వంటింట్లో పీటమీద కూచుని వింది. నా మాట వచ్చిన చోట తలెత్తి నాకేసి చూసింది. పాటంతా అయ్యాక అంది:

“రెండు చరణాలు దాటేసిందిరా. లక్ష్మణుడొచ్చి కూచుంటే, ఊర్మిళ పోల్చుకోలేక అడిగే మాటలు. నువ్వు తొందరపెట్టావుగా.”

“నీకొచ్చా?”

“రాకేం? కలం తియ్యి.”

చేతికి తెల్లకాగితం దొరకలేదు. కరెంటు బిల్లు వెనకాల రాసుకున్నాను.