జాగీరుకు పరిహారం, పాలేరుకు?

హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చివేతను 2019లో హైకోర్టు ఆపినప్పుడు వారసత్వ సంపద దక్కిందన్నారు. నిజమే. కానీ నిజాం రాజ్యంలో హవేలీలే కాదు, భాగేలా అనే అప్పు చాకిరీ కూడా తండ్రి నుంచి కొడుక్కి దిగేది. పెళ్లికో, కరువులో గింజలకో చేసిన అప్పు కింద తండ్రి దొర దగ్గర పాలేరుగా చేరితే, ఆయన పోయాక కొడుకు అదే నాగలి పట్టాలి. దేశ్‌ముఖులు కూతురి వెంట అత్తారింటికి నగలతో పాటు ‘ఆడబాప’ అనే దాసినీ పంపేవారు. అమెరికా తోటల యజమానులు వీలునామాల్లో మనుషుల్ని రాసుకున్నారు. ఇక్కడ వీలునామా రాసే శ్రమ కూడా లేదు.

అది బానిసత్వం కాదు, అప్పు తీర్చి వెళ్లిపోవచ్చు కదా అంటారు కొందరు. లెక్క రాసేది దొర గుమాస్తా, వేలిముద్ర పాలేరుది. అప్పటికి పుట్టని కొడుకు దేనికి ఒప్పుకున్నట్టు? 1936లో నిజాం సర్కారే భాగేలా ఒప్పందాలకు కళ్లెం వేయబోయింది, ఊళ్లో పటేల్, పట్వారీ దొర మనుషులైతే ఏం సాగుతుంది? 1949లో జాగీర్లు రద్దయితే జాగీర్దార్లకు పరిహారం ముట్టింది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వెట్టివాళ్ల అప్పు కొట్టేసింది గానీ, తరాల తరబడి ఎగ్గొట్టిన కూలీని బకాయిగా లెక్కగట్టలేదు.