ఇసుకలో ఆడితే చదువు రాదా?

డబ్లిన్‌లోని గ్రాండ్ కెనాల్ డాక్ అపార్ట్‌మెంట్లలో మన తెలుగు అమ్మానాన్నలు జూనియర్ ఇన్‌ఫాంట్స్ (ఇక్కడి బడిలో మొదటి తరగతి) పిల్లల్ని ఇంటికి రాగానే అడిగేది ఒకటే: "ఇవాళ ఏం రాయించారు?" ఇసుకతో ఆడాను, ఉత్తుత్తి కొట్టు పెట్టాం అంటాడు పిల్లాడు. "అంతేనా?" అంటాం. ఆ ఒక్క మాటతో వాడికి నచ్చిన బడి మన ముందు చిన్నబోతుంది. నిజానికి ఆ ఆట టైంపాస్ కాదు. ఐర్లండ్‌లో 2009లో వచ్చిన ఆష్టర్ అనే ప్రణాళిక చిన్నపిల్లల చదువుకి ఆటనే ముఖ్యమైన దారిగా పెట్టింది. కొట్లో బేరమాడే పిల్లాడు లెక్కా, మాటా, తన వంతు వచ్చేదాకా ఆగడమూ ఒకేసారి నేర్చుకుంటున్నాడు.

"రేపు హైదరాబాద్ వెళ్లిపోతే? అక్కడ ఎల్‌కేజీలోనే పేజీలు నింపేస్తారుగా!" భయం ఉత్తదేం కాదు, మొదట్లో తడబడొచ్చు. కానీ ఆరేళ్లు వచ్చేదాకా బడి తప్పనిసరి కాని ఈ ఐర్లండే 2022 అంతర్జాతీయ పీసా పరీక్షల్లో, పదిహేనేళ్ల పిల్లల చదివే సామర్థ్యంలో 516 స్కోరుతో యూరోపియన్ యూనియన్‌లో ముందు నిలిచింది. అదంతా ఆట మహిమే అనను. ఆడితే వెనకబడతారన్న వాదన మాత్రం నిలవదు. దిద్దించాలనే ఉంటే ఆదివారం అ ఆలు దిద్దించండి, మంచిదే. "ఇవాళ ఏం రాయించారు?" అనే బదులు, "ఇవాళ కొట్లో ఏం అమ్మావురా?" అని అడిగి చూడండి.