గొంగడి లోపల మెత్తని బనియను

చలికాలం వస్తోందంటే మా ఇంట్లో అందరికన్నా ముందు మందుల పెట్టె సర్దుకునేది నేనే. నాది ఆయాసం ఒళ్ళు. దానికి తోడు చక్కెర జబ్బు ఒకటి. రిటైరయ్యాక, గాలి బాగుంటుందని మేడ్చల్‌లో ఇల్లు కట్టుకున్నాం. గాలి బాగానే ఉంది. చలి సంగతే మేము ఆలోచించలేదు. నగరం నడిమధ్యన సిమెంటు గోడలు, తారురోడ్లు పగలు తాగిన ఎండవేడిని రాత్రంతా మెల్లగా వదులుతాయి. మా శివార్లలో పొలాలు, చెరువులు, ఖాళీ జాగాలు ఎక్కువ కనుక పొద్దు గూకగానే నేల చల్లబడిపోతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఒక్కోసారి పది డిగ్రీల దరిదాపులకు దిగుతుంది.

చక్కెరకు నడక తప్పదన్నారు డాక్టరుగారు. రోజూ మా వీధుల్లో నడిచేవాణ్ణి. ఆదివారాలు మాత్రం మిత్రుడి స్కూటరు వెనక కూర్చుని శామీర్‌పేట చెరువుకు వెళ్ళి, అక్కడ గంటసేపు నడిచి వచ్చేవాళ్ళం. ఆ నీళ్ళు, ఆ పక్షులు చూస్తూ నడుస్తుంటే వయసు గుర్తుండదు.

ఒక డిసెంబరు ఆదివారం, చలికి భయపడి నూలు బనియను, దానిపైన చొక్కా, ఆపైన దళసరి స్వెటరు, మంకీ క్యాపు అన్నీ తగిలించుకుని బయల్దేరాను. అరగంట నడిచేసరికి బనియను చెమటతో తడిసి ముద్దయింది. ఉక్కగా ఉందని స్వెటరు విప్పి, కట్టమీద గాలికి కూర్చున్నాను. హాయిగానే అనిపించింది. తరువాత ఆ తడిబనియనుతోనే స్కూటరెక్కాను. సగం దారిలో వణుకు పట్టుకుంది. ఆ వెనకే ఛాతీ బిగిసింది, పిల్లికూతలు మొదలైనాయి. జేబు తడుముకుంటే ఇన్‌హేలరు లేదు. నిన్నటి చొక్కాలో ఉండిపోయింది. మిత్రుడు నన్ను ఆస్పత్రికి చేర్చేలోపు గడిచిన ఆ కొద్ది నిమిషాలు నేనిప్పటికీ మరిచిపోలేను. రెండు మాటలు కలిపి చెప్పడానికి ఊపిరి చాలలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ శాసనం చేసింది: "ఇక చలికాలంలో గడప దాటేది లేదు." నేనూ భయపడ్డాను కనుక ఎదురు చెప్పలేదు. నెల తిరిగేసరికి చక్కెర పెరిగింది. నడిస్తే ఆయాసం, నడవకపోతే చక్కెర. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టయింది నా పని.

డాక్టరుగారి దగ్గరికి పోయి జరిగినదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని ఇలా అన్నారు: "నడక మానకండి. మీకు ఆయాసం తెచ్చింది ముఖ్యంగా మీరు నోటితో పీల్చిన చల్లని పొడిగాలి. ఆస్తమా ఉన్నవాళ్ళకు అది గొట్టాలను ముడుచుకునేలా చేస్తుంది. తడిబట్టతో గాలిలో వణకడం దానికి తోడైంది. నూలుబట్ట చెమటను బాగా పీల్చుకుంటుంది గాని, తొందరగా ఆరదు. తడిసిన నూలు ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది. కాస్త పొద్దెక్కాక నడవండి. ముక్కూ నోరూ మఫ్లరుతో కప్పుకోండి. వీలైతే ఉన్ని వాడండి."

ఉన్ని అనగానే మా నాన్నగారి నల్లగొంగడి గుర్తొచ్చింది. పెట్టెలోంచి తీసి, చేతుల్లేని బనియను మీదనే కప్పుకున్నాను. పది నిమిషాలకే మెడా చేతులూ దురద, ఎర్రని దద్దుర్లు. నాకు ఉన్ని పడదని తేల్చేసుకున్నాను.

ఆ మాట తప్పని తేల్చినవాడు శామీర్‌పేట దగ్గర జీవాలు మేపే ఒక కురుమ పెద్దాయన. నా కథ విని నవ్వాడు. "ఒట్టి పెయ్యి మీద గొంగడి కప్పుకుంటె కుచ్చుకోదా సారూ? మేం గూడ లోపట అంగి తొడుక్కునే కప్పుకుంటం. గొంగడి పైకి, మెత్తంది లోపటికి" అన్నాడు. మరి మీ గొర్రెల ఉన్ని ఏం చేస్తారని అడిగితే, "ఇప్పుడు ఉన్నేడిది సారూ, ఇవన్ని నెల్లూరు జీవాలు" అన్నాడు. నిజమే. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, వెంట్రుకే. మాంసానికి గిరాకీ పెరిగి, గొంగడికి ఉన్ని ఇచ్చే నల్ల దక్కనీ గొర్రెలు మన పల్లెల్లో తగ్గిపోయాయి.

ఉన్ని ఎందుకు గుచ్చుకుంటుందో తరువాత తెలుసుకున్నాను. చాలామందికి అది ఎలర్జీ కాదు, పోగు లావు చేసే పని. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాను. ముప్ఫై మైక్రాన్లు దాటిన పోగుల కొసలు వంగకుండా చర్మాన్ని పొడుస్తాయి. మన దక్కనీ ఉన్ని ఆ ముతక రకం. పైగా గొంగడి నేశాక చింతగింజల గంజి పట్టిస్తారు. అందుకే అది వానకూ గాలికీ గోడలా నిలబడుతుంది. స్పెయిన్‌లో పుట్టి, 1797లో ఆస్ట్రేలియా చేరిన మెరినో గొర్రె ఉన్ని ఇందుకు వేరు. దాని పోగు ఇరవై మైక్రాన్ల అటూ ఇటూ ఉంటుంది. చర్మానికి తగిలితే వంగిపోతుంది. ఉన్ని తన బరువులో సుమారు మూడోవంతు తేమను లోపల దాచుకుని కూడా తడిగా తోచదు, వెచ్చదనం పోగొట్టుకోదు.

మెల్‌బోర్న్‌లో ఉన్న మా మనవరాలు ఈ సంగతి విని, పలుచని మెరినో బనియను ఒకటి పంపింది. మొదటిరోజు భయం భయంగా తొడుక్కున్నాను. దురద లేదు. ఇప్పుడు నా పద్ధతి ఇది: ఒంటికి మెరినో, దానిపైన చొక్కా, స్కూటరు మీద మాత్రం గొంగడి. నడక మొదలుపెట్టేటప్పుడు కొద్దిగా చలి అనిపించాలి. అప్పుడే వెచ్చగా ఉంటే పది నిమిషాల్లో చెమట ఖాయం.

మెరినో ఖరీదు ఎక్కువ. అందరికీ అందేది కాదు. అందనివాళ్ళు ఆటగాళ్ళు వేసుకునే, త్వరగా ఆరే పలుచని టీషర్టు లోపల వేసుకోవచ్చు. అదీ లేకపోతే సంచిలో ఒక పొడి బనియను పెట్టుకుని, నడక కాగానే మార్చుకుంటే చాలు. కొనేవారు చీటీ మీద ఉన్ని నూటికి ఎంతపాలు ఉందో చూడాలి. నా పాత స్వెటరును నేను ఉన్ని అనే అనుకున్నాను. ఒక పోగు పీకి కాల్చి చూస్తే ఉండకట్టి గట్టిపడింది. అది అక్రిలిక్. నిజమైన ఉన్ని కాలితే జుట్టు మాడిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళమధ్య పొడవుతుంది.

ఉన్నిని గోరువెచ్చని నీళ్ళలో, ఘాటులేని సబ్బుతో ఉతకాలి. పిండి మెలిపెట్టకుండా నీడన పరిచి ఆరబెట్టాలి. కలరా ఉండలు వేసి దాచిన బట్టలను బాగా గాలికి ఆరవేయకుండా పసిపిల్లలకు తొడగకండి. కొందరు పిల్లల రక్తానికి ఆ మందు ప్రమాదం.

ఇలా రెండు చలికాలాలు గడిచాయి. ఆయాసం పోయిందని చెప్పను. బట్ట మందు కాదు. డాక్టరుగారు రాసిన ఇన్‌హేలరు వాడుతూనే ఉన్నాను, జేబులో అది లేనిదే గడప దాటను. ఇన్‌హేలరు పీల్చినా ఊపిరి అందకపోయినా, మాట పూర్తి చేయలేకపోయినా, పెదవులు నీలంగా మారినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. ఈ మాట ఇంట్లో వాళ్ళందరికీ తెలిసి ఉండాలి.

చక్కెర మళ్ళీ అదుపులోకి వచ్చింది. ఆదివారం నేను బయల్దేరుతుంటే మా ఆవిడ ఇప్పుడు అడ్డు చెప్పదు. గుమ్మంలో నిలబడి రెండే ప్రశ్నలు వేస్తుంది: "జేబులో మందుందా? లోపల మెత్తటిది వేసుకున్నారా?"