ఉంటుందా... వెళ్లిపోతుందా?

"ఇవాళైనా తేలిందా? ఉంటుందా, వెళ్లిపోతుందా?"

రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు అందిస్తూ మా వదిన అడిగే ప్రశ్న ఇది. ఫోన్లోంచి తల ఎత్తకుండానే "ఇంకా లేదు" అంటాడు అన్నయ్య. అద్దెకున్నవాళ్ల గురించో, ఇంట్లో తిష్ట వేసిన చుట్టాల గురించో అనుకున్నాను. నా గురించేనేమోనన్న అనుమానం కూడా వచ్చింది. కాదు. ఒక హాకీ జట్టు గురించి!

మా పెద్దనాన్నగారబ్బాయి అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఉంటాడు. ఊరి పేరు టెంపీ. ఫీనిక్స్ మహానగరానికి ఆనుకుని ఉంటుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు అక్కడ మామూలు. మన రామగుండం వాళ్లు కూడా అమ్మో అనే ఎండ. 2024 మార్చిలో పెద్దమ్మ ఒక్కతే విమానం ఎక్కలేనంటే తోడుగా వెళ్లి, మూడు వారాలు ఉండి వచ్చాను.

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ గుర్తుకొస్తాడు. అమెరికా, కెనడాల్లో ఆ మాటకు అర్థం వేరు. గడ్డకట్టించిన మంచు మీద, కాళ్లకు స్కేట్లు కట్టుకుని ఆడతారు. బంతి ఉండదు, పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది. గోల్‌కీపరుతో కలిపి జట్టుకు ఆరుగురు. ఆ ఆటకు అన్నిటికన్నా పెద్ద లీగు ఎన్‌హెచ్ఎల్. 1996 నుంచి 2024 దాకా అందులో ఫీనిక్స్ వాళ్లకీ ఒక జట్టుండేది. పేరు కయోటీస్. కయోటీ అంటే అక్కడి ఎడారిలో తిరిగే నక్కలాంటి జంతువు. ఎడారిలో మంచు ఆటేమిటని నేను నవ్వితే అన్నయ్య నవ్వలేదు.

కాకినాడలో సందుల్లో క్రికెట్ ఆడుకున్న మనిషికి ఈ పిచ్చి ఎలా పట్టిందో వదినే చెప్పింది. అన్నయ్య 2006లో వెళ్లాడు. చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. తోటి ఉద్యోగి ఒకాయన ఓసారి మ్యాచ్‌కు తీసుకెళ్లాడు. అంతే. 2009 వచ్చేసరికి మాంద్యం. ఆఫీసులో రోజుకొకరి బల్ల ఖాళీ అవుతోంది. వీసా మీదున్నవాడికి ఉద్యోగం పోవడమంటే దేశం వదలడమే. సరిగ్గా ఆ ఏడాది మే నెలలో కయోటీస్ యజమాని దివాలా పిటిషన్ వేశాడు. బ్లాక్‌బెర్రీ కంపెనీ అధినేతల్లో ఒకరైన జిమ్ బాల్‌సిలీ 21 కోట్ల 25 లక్షల డాలర్లిచ్చి జట్టును కొని, కెనడాలోని హామిల్టన్‌కు తీసుకుపోతానన్నాడు. లీగు అడ్డుపడింది. చివరకు కోర్టు ఒప్పుకోలేదు. కొనేవాడు దొరక్క లీగే 14 కోట్ల డాలర్లకు జట్టును తీసుకుని నడపాల్సివచ్చింది.

"ఆ ఏడాదంతా ఇంట్లో రెండు ప్రశ్నలే. మేముంటామా, వాళ్లుంటారా అని" అంది వదిన.

ఇద్దరూ ఉన్నారు. కానీ ప్రశ్న పోలేదు. గ్రీన్‌కార్డు కోసం అన్నయ్య ఏళ్లకేళ్లు క్యూలో నిలబడ్డాడు. పక్కనే కయోటీస్ కూడా అలాంటి క్యూలోనే నిలబడింది. ఆ స్నేహం అర్థంకావడానికి నాకు కొంచెం టైం పట్టింది.

జట్టు కష్టాలకు మూలం స్టేడియం. మొదట్లో ఫీనిక్స్ నడిబొడ్డున, బాస్కెట్‌బాల్ కోసం కట్టిన హాల్లో ఆడేవాళ్లు. కొన్ని సీట్లలో కూర్చుంటే ఒక వైపు గోల్ సరిగా కనిపించేది కాదు. 2003 డిసెంబరులో పడమటి వైపున్న గ్లెన్‌డేల్‌కు మారారు. ఆ ఊరు ప్రజల సొమ్ముతో కొత్త స్టేడియం కట్టించి ఇచ్చింది. అభిమానుల్లో ఎక్కువమందేమో ఊరికి తూర్పున ఉంటారు. పనిరోజుల్లో ఆఫీసు ట్రాఫిక్‌లో పడి అంత దూరం పోవాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాణ్ని సాయంత్రం ఏడింటికి పటాన్‌చెరు రమ్మంటే వస్తాడా? అలా ఉండేది వ్యవహారం.

జట్టు పోకుండా ఉండటానికి గ్లెన్‌డేల్ నగర కౌన్సిల్ లీగుకే ఏడాదికి రెండున్నర కోట్ల డాలర్ల చొప్పున రెండేళ్లు చెల్లించింది. చిత్రమేమిటంటే, సొంత యజమాని కూడా లేని ఆ రోజుల్లోనే, 2012లో, జట్టు తన చరిత్రలో ఎప్పుడూ లేనంత బాగా ఆడి సెమీఫైనల్ దాకా వెళ్లింది. 2013లో కొత్త యజమానులొచ్చారు. ఏడాదికి కోటిన్నర డాలర్ల చొప్పున 15 ఏళ్లు ఇస్తామని కౌన్సిల్ ఒప్పందం చేసుకుంది. ఓటింగులో 4-3. రెండేళ్లు తిరక్కుండానే 2015లో అదే కౌన్సిల్ 5-2తో ఒప్పందం రద్దుచేసింది. 2021 ఆగస్టులో, వచ్చే సీజన్ తర్వాత ఖాళీ చేయండి అని చెప్పేసింది. ఎన్‌హెచ్ఎల్ జట్టుకు ఇంటి ఓనరు నోటీసు!

ఎక్కడికి పోతారు? టెంపీలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు తమ కుర్రాళ్ల కోసం కట్టుకున్న రింకుకు. మామూలుగా ఆ లీగు స్టేడియాల్లో పదహారు, పద్దెనిమిది వేలమంది పడతారు. ఇందులో 4,600 మంది. దేశమంతా నవ్వింది. అన్నయ్య మాత్రం జట్టు ఇంటి పక్కకే వచ్చిందని సంబరపడ్డాడు.

అక్కడికే నన్నూ తీసుకెళ్లాడు, మార్చి 26న. బయట పలచటి చొక్కా చాలు. లోపల కోటు కావాలి. అద్దానికి అవతల ఆటగాళ్లు ఒకరినొకరు గుద్దుకుంటుంటే మన కుర్చీ అదురుతుంది. "బాబాయ్, 91 నంబరును చూడు" అన్నాడు అన్నయ్య కొడుకు. పన్నెండేళ్లవాడు. జోష్ డోన్ అనే కుర్రాడు ఆ రోజే మొదటిసారి ఎన్‌హెచ్ఎల్‌లో ఆడుతున్నాడు. వాళ్ల నాన్న షేన్ డోన్ ఈ జట్టుకే 2017 దాకా ఆడి, ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఉన్నాడు. ఆయన నంబరు 19. కొడుకు దాన్ని తిరగేసుకున్నాడు. ఆ కుర్రాడు రెండు గోల్స్ కొట్టాడు. కయోటీస్ 6-2తో గెలిచింది. మావాడు నా భుజం మీద ఎక్కి దూకాడు. నేనూ అరిచాను... ఎందుకరుస్తున్నానో నాకే తెలీదు.

మర్నాడు పొద్దున మళ్లీ అదే ప్రశ్న. ఉంటుందా, వెళ్లిపోతుందా?

అప్పటికి ఆ ప్రశ్న ఇంట్లో కొంచెం చేదుగా ఉంది. కారణం 2023 మే 16. టెంపీలో 46 ఎకరాల చెత్త డంపింగు యార్డు ఒకటుంది. దాన్ని శుభ్రంచేసి స్టేడియం, హోటళ్లు, అపార్ట్‌మెంట్లు కడతామని జట్టు యజమాని అలెక్స్ మెరువెలో ముందుకొచ్చాడు. మొత్తం 210 కోట్ల డాలర్ల ప్రాజెక్టు. దానికి ఊరి ప్రజల ఓటు కావాలి. అన్నయ్యకు అంతకు ముందు ఏడాదే పౌరసత్వం వచ్చింది. పదహారేళ్లు పరాయివాడిగా ఉన్న ఊళ్లో, తనకు నిజంగా పట్టిన విషయం మీద వేసిన మొదటి ఓటు అది. ఔనని వేశాడు. ఆ సాయంత్రం లెక్కింపు మొదలైంది. మూడు ప్రతిపాదనలూ ఓడిపోయాయి. అప్పుడు వదిన మెల్లగా చెప్పింది, "నేను వద్దని వేశాను."

మూడు రోజులు ఇంట్లో మాటల్లేవట.

నేను వెళ్లాక వదినను అడిగాను, ఎందుకలా అని. ఆవిడ అకౌంటెంటు. "గ్లెన్‌డేల్ వాళ్లు ఎంత కట్టారో చూశాం కదా. జట్టు కోసం ఖర్చుపెట్టి, తర్వాత ఊరి ఖర్చులు కోసుకున్నారు. ఇక్కడ సొంత డబ్బుతోనే కడతామన్నారు, సరే. పన్ను రాయితీలు ఎవరి డబ్బు? పైగా విమానాలు నెత్తిమీద నుంచి పోయే చోట అపార్ట్‌మెంట్లేమిటని ఫీనిక్స్ ఎయిర్‌పోర్టు వాళ్లే వద్దన్నారు" అంది. కాసేపాగి, "పొద్దున ఐదింటికి పిల్లాణ్ని ప్రాక్టీసుకు తీసుకెళ్లేది నేనే. నాకు ఆట ఇష్టం లేదనుకోకు" అంది.

నిజం చెప్పాలంటే నేను వదిన పక్షం. ఊరికి జట్టు ఉండటం గొప్పే. కానీ బిలియనీర్లు వచ్చి 'మీరు ఇవ్వకపోతే ఇంకో ఊరు ఇస్తుంది' అంటే, ఇంకో ఊరినే చూసుకోమని చెప్పే హక్కు జనానికి ఉండాలి. ఆ మాటే అన్నయ్యతో అన్నాను. "నీకేంరా, మూడు వారాలుండి పోయేవాడివి" అన్నాడు. నిజమే. నేను నోరు మూసుకున్నాను.

రింకు దగ్గర పిల్లలకు ఆట నేర్పే కోచ్‌ను కలిశాను. కెనడాలోని విన్నిపెగ్ ఆయన ఊరు. ఇక్కడే ఈ కథకు ఇంకో కొస దొరికింది. కయోటీస్ ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1996 దాకా అది విన్నిపెగ్ జెట్స్! అక్కడ డబ్బు చాలక ఫీనిక్స్‌కు వచ్చింది. 1995లో జట్టును కాపాడుకోవడానికి ఆ ఊరు చందాలు పోగుచేసింది. పిల్లలు కిడ్డీ బ్యాంకులు పగలగొట్టి ఇచ్చారు. ఆ పిల్లల్లో ఈయనా ఉన్నాడు, తొమ్మిదేళ్లవాడు. ఉద్యోగం కోసం ఫీనిక్స్ వచ్చిన కొత్తలో రెండేళ్లపాటు కయోటీస్ ఆట చూడనే లేదట. తర్వాత చూశాడు. పిల్లలకు నేర్పుతూ చూడకుండా ఎలా ఉంటాడు! తను తొమ్మిదేళ్లప్పుడు ఎంత ఇచ్చాడో అడిగాను. గుర్తులేదన్నాడు. డబ్బా రంగు మాత్రం గుర్తుందట, ఎరుపు.

విన్నిపెగ్‌కు 2011లో మళ్లీ జట్టొచ్చింది. అదెక్కడిదనుకున్నారు? అట్లాంటాది.

నేను హైదరాబాద్ వచ్చిన కొద్దిరోజులకే అన్నయ్య ఇంట్లో ప్రశ్నకు జవాబు దొరికింది. ఏప్రిల్ 17న ఎడ్మంటన్ మీద 5-2తో గెలిచి, ఆ చిన్న రింకులో కయోటీస్ ఆఖరి మ్యాచ్ ఆడేసింది. మర్నాడే లీగు ఆమోదముద్ర వేసింది. యూటా రాష్ట్రానికి చెందిన రయాన్ స్మిత్‌కు 120 కోట్ల డాలర్లకు అమ్మకం. ఆటగాళ్లంతా సాల్ట్ లేక్ సిటీకి. అన్నయ్య ఫోన్ చేసి, మ్యాచ్ అయ్యాక గంటసేపు ఎవరూ కదల్లేదురా అన్నాడు. వెనక నుంచి వదిన గొంతు వినపడింది, "అన్నం చల్లారిపోతోంది" అని. ఆ మాటలో కోపం లేదు.

ఐదేళ్లలో స్టేడియం కడితే ఫీనిక్స్‌కు మళ్లీ జట్టునిస్తామని మెరువెలోకు లీగు మాటిచ్చింది. ఆయన కన్నేసిన ప్రభుత్వ భూమి వేలం ఆ జూన్‌లోనే రద్దయింది. ఆయనా చేతులెత్తేశాడు. మావాడి గదిలో 91 నంబరు జెర్సీ అలాగే వేలాడుతోంది. వాడు ఆట మానలేదు.

2025 అక్టోబరులో ఈసారి నేనే ఫోన్ చేశాను. గచ్చిబౌలిలో పసుపు జెర్సీ వేసుకుని నేను కేకలు పెట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు కూడా మార్చేసి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అన్నారు. 2022లో ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ కప్పు గెలిచిన జట్టు! ఎవరికీ పట్టలేదేమిటని, కనీసం ఒక్కరైనా మమ్మల్ని అడగలేదేమిటని అన్నయ్య దగ్గర వాపోయాను. అంతా విన్నాడు.

"మీకు ఆ జట్టు ఎక్కణ్నుంచి వచ్చిందిరా?" అన్నాడు.

పుణె నుంచి. 2019లో పుణె జట్టు మూతపడితే దాని చోటే మనకిచ్చారు. ఆ ఏడాది ఆఫీసులో దాని గురించి ఉత్సాహంగా రాసినవాణ్ని నేనే. పుణె వాళ్ల గురించి అందులో ఒక్క వాక్యం కూడా లేదు.