పాత పిస్టల్‌కి లెక్కేంటి?

మా చెల్లి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. ఇన్నాళ్లూ రేంజ్‌లో ఇచ్చేదే వాడింది. రాష్ట్ర పోటీలకి సొంతది కావాలంది. కొత్తదంటే నా రెండు నెలల జీతం. అకాడమీలో ఓ సీనియర్ పన్నెండేళ్ల స్టయర్‌ని సగం ధరకే ఇస్తానన్నారు.

మనకి పాతదంటే బైకు లెక్కే... ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? దీనికి మీటర్ ఉండదు కదా! బ్యారెల్‌తో భయం లేదు. 4.5 మిల్లీమీటర్ల మెత్తని సీసం గుళ్లు దాన్ని అంత తేలిగ్గా అరగదీయలేవు. చూడాల్సింది కిందుండే గాలి సిలిండర్‌ని. అందులో 200 బార్ల ఒత్తిడి! తయారీ తేదీ దానిమీదే ఉంటుంది, పదేళ్లు దాటితే మార్చేయాలి. అంటే ఆయన రెండు సిలిండర్లూ పనికిరావు. సగం ధర కాస్తా పైకెళ్లింది.

సీళ్లు కూడా అంతే. గాలి నింపి రాత్రంతా ఉంచితే లీకు పొద్దున్నే గేజ్‌లో తెలిసిపోతుంది. ట్రిగ్గర్ 500 గ్రాముల బరువు ఆపకపోతే పోటీ తనిఖీలోనే ఆపేస్తారు. ఇది ఆపింది. గ్రిప్ మాత్రం పెద్ద చేతిది, చెల్లి వేలు ట్రిగ్గర్‌కి సరిగ్గా అందలేదు.

టోక్యోలో మను భాకర్ పిస్టల్ మధ్యలో మొరాయించింది గుర్తుందా? అందుకే నాకు వయసుకన్నా స్పేర్లు దొరకడం ముఖ్యం. వీటికి దొరుకుతున్నాయి.

సిలిండర్లు, గ్రిప్ డబ్బులు తగ్గిస్తే తీసుకుంటామన్నాం. ఆయన ఆదివారం చెబుతానన్నారు. చెల్లేమో నీళ్ల సీసా పట్టుకుని చేయి కదలకుండా నిలబడుతోంది.