నాతో వచ్చే పెడళ్ళు

మేముండే చోటు పేరు మాంగో. జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ నది దాటి ఇవతలికి వస్తే మాంగో. ఉత్తరాల్లో ఈ పేరు చదివిన మా బంధువులు ఇక్కడ మామిడితోటలు ఉంటాయనుకుంటారు. స్థానికులు మాత్రం 'మానగో' అంటారు. పేరుకీ పండుకీ సంబంధం లేదు. నేతిబీరకాయలో నెయ్యి ఉండదని మనకు సామెత ఉంది కదా, అలాంటిదే ఇదీ.

నేను ఈ వ్యాసంలో చెప్పబోయే వస్తువు దీనికి సరిగ్గా తలకిందులు. దాని పేరు 'క్లిప్‌లెస్ పెడల్', అంటే క్లిప్ లేని పెడల్. తీరా చూస్తే అందులో ఉన్నదే క్లిప్! ఈ తికమకకు ఒక చరిత్ర ఉంది. పాతకాలపు పందెం సైకిళ్ళలో పెడల్ ముందు ఒక లోహపు పంజరం, దానికో తోలుపట్టీ ఉండేవి. బూటు ముందుభాగాన్ని అందులో దూర్చి పట్టీ బిగించుకునేవారు. ఆ పంజరాన్ని 'టో క్లిప్' అనేవారు. తర్వాత పంజరం పోయి, బూటు అడుగున బిగించిన చిన్న లోహపు ముక్క పెడల్‌లోని స్ప్రింగులో ఇరుక్కునే పద్ధతి వచ్చింది. పాత క్లిప్ లేదు కాబట్టి దీనికి 'క్లిప్‌లెస్' అనే పేరు స్థిరపడింది.

ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది లుక్ అనే ఫ్రెంచి కంపెనీ. మంచు మీద జారే స్కీ బూట్లను బిగించే పరికరాల్లో దానికి అనుభవం ఉంది. ఆ ఆలోచననే సైకిలుకు తెచ్చి 1984లో పెడల్ తయారుచేసింది. మరుసటి ఏడాది, 1985లో, బెర్నార్డ్ హినో ఆ పెడళ్ళతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. కానీ అవి తారురోడ్డు పెడళ్ళు. బూటు అడుగున పెద్ద ముక్క పొడుచుకొచ్చి ఉంటుంది, దాంతో నడవడం కష్టం. కొండదారిలో దిగి సైకిలు మోయాల్సి వస్తే పనికిరావు. 1990లో జపాన్ కంపెనీ షిమానో ఎస్‌పీడీ అనే చిన్న క్లిప్ తెచ్చింది. బూటు అడుగున ఉండే ముక్కను 'క్లీట్' అంటారు. ఎస్‌పీడీలో అది రెండు మరలతో బిగుస్తుంది, చెప్పు అట్టలోని పల్లంలో దాక్కుంటుంది. దాంతో మామూలుగా నడవచ్చు. ఇప్పటి మౌంటెన్ బైకు బూట్లలో ఎక్కువ భాగం ఈ రెండు మరల కొలతనే అనుసరిస్తాయి.

ఇదంతా నాకెందుకు అవసరమైందో చెప్తాను. మాంగో నుంచి ఉత్తరం వైపు వెళ్తే డిమ్నా సరస్సు వస్తుంది. టాటా స్టీల్ కట్టించిన జలాశయం అది. దాని వెనక దల్మా కొండలు. కొండల మీద ఏనుగుల అభయారణ్యం ఉంది, అక్కడికి ఇష్టం వచ్చినట్టు వెళ్ళకూడదు. కానీ కింది ఊళ్ళ మధ్య ఎర్రమట్టి బాటలు, రాళ్ళ దారులు చాలా ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే మా కాలనీ నుంచి ఆరుగురం వెళ్తాం. రాళ్ళ మీద దిగేటప్పుడు పాదం పెడల్ మీద ఎగురుతుంది. ఒక్కోసారి జారి, పెడల్ తిరిగి వచ్చి పిక్కకు తగులుతుంది. మా జట్టులో ఒక అన్నయ్య క్లిప్ పెడళ్ళు వాడతాడు. అతని పాదం కదలదు. అది చూసి నాకు ఆశ పుట్టింది.

అయితే ఆశ పుట్టగానే కొనేయకూడదు, ముందు అవతలి వాదం వినాలి. "క్లిప్ లేకుండా పల్టీలూ గెంతులూ నేర్చుకున్నాకే క్లిప్ జోలికి వెళ్ళు" అని ఆ అన్నయ్యే చెప్పాడు. క్లిప్ ఉంటే పాదంతో పాటు సైకిలూ లేస్తుంది, అది మన నైపుణ్యం అనుకుని మోసపోతామట. మామూలు పెడళ్ళు తక్కువవేమీ కాదు. ఆస్ట్రేలియా రైడర్ శామ్ హిల్ 2017, 2018, 2019 సంవత్సరాల్లో వరసగా ఎండ్యూరో వరల్డ్ సిరీస్ గెలిచింది చదును పెడళ్ళ మీదే. క్లిప్ ఉంటే కాలు పైకి లాగి రెట్టింపు వేగం తెచ్చుకోవచ్చని కొందరంటారు. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పాదం ఎప్పుడూ ఒకే చోట ఉండడం, గతుకుల్లో జారకపోవడం, నాకు కావలసింది ఆ రెండే. ఒక ఏడాదంతా చదును పెడళ్ళతో రాళ్ళు దాటడం నేర్చుకున్నాకే ఇంట్లో అడిగాను.

ఇంట్లో అసలు ప్రశ్న వేరే వచ్చింది. నాన్న డబ్బు గురించి అడగలేదు. "వచ్చే ఏప్రిల్‌కి ఇక్కడ మూడేళ్ళు నిండుతాయమ్మా. కొండల కోసం ఇప్పుడు కొంటే, రేపు ఏ చదునునేల ఊరికో వేస్తే ఏం చేస్తావు?" అన్నారు.

మిత్రులారా, ఈ ప్రశ్న మీ అందరి ఇళ్ళలోనూ ఎప్పుడో ఒకప్పుడు వినిపించే ఉంటుంది. కుక్కపిల్ల అడిగినా, వీణ అడిగినా, గోడకు బీరువా బిగించమన్నా ఇదే ప్రశ్న. నా మొదటి సైకిలు విశాఖపట్నంలో పక్కింటి పాపకు ఇచ్చేశాం. రెండోది ఖరగ్‌పూర్‌లో సామాన్ల లారీ నిండిపోయిందని అమ్మేశాం. ఇప్పటిది మూడోది. సైకిలు అమ్మినప్పుడు దాంతో పాటు నేను తిరిగిన దారులు కూడా ఎవరికో ఇచ్చేసినట్టు ఉండేది. నాన్న ప్రశ్నలో తప్పు లేదు. కానీ దానికి జవాబు ఉందో లేదో వెతకాలనిపించింది.

జవాబు మా ఎదురింటి తాతగారి దగ్గర దొరికింది. వాళ్ళ నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ఫ్యాక్టరీ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. తాతగారు బర్మామైన్స్‌లో గొట్టాలు తయారుచేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. శ్రీరామనవమికి బిష్టుపూర్‌లోని తెలుగువాళ్ళ రామమందిరానికి మమ్మల్ని తీసుకెళ్ళేది ఆయనే. నా గొడవ విని, "మరకి ఊరు ఉండదమ్మా, కొలతే ఉంటాది. కొలత కలిస్తే యే ఊర్లో అయినా బిగుస్తాది" అన్నారు.

నేను వెళ్ళి చూశాను. నిజమే. మూడు ముక్కల క్రాంకు ఉన్న పెద్ద సైకిళ్ళన్నిటిలోనూ దాదాపుగా పెడల్ మర ఒకటే: 9/16 అంగుళాలు. సైకిలు అమ్మేసినా పెడళ్ళు విప్పుకుని, పాతవి బిగించి ఇవ్వచ్చు. ఇంకో ఊళ్ళో ఇంకో సైకిలుకు అవే పెడళ్ళు పెట్టుకోవచ్చు. బూట్లు ఎలాగూ నావే. పెడళ్ళూ బూట్లూ కలిపినా లారీలో ఒక ప్రెషర్ కుక్కరంత చోటు కూడా అక్కర్లేదు. ఈ లెక్క కాగితం మీద రాసి నాన్నకు చూపించాను. ఆయన చదివి, "ఇది బాగుంది" అన్నారు. అంతే, అనుమతి వచ్చేసింది.

ఇక ఎంపిక. పెడళ్ళు స్థూలంగా మూడు రకాలు. ఒకటి, రెండు వైపులా క్లిప్ మాత్రమే ఉండేవి. షిమానో ఎం520 ఇలాంటిది. తేలిక, గట్టి, కాలు ఎటు పెట్టినా ఇరుక్కుంటుంది. కానీ మామూలు బూట్లతో తొక్కితే జారుతుంది. రెండు, క్లిప్ చుట్టూ వెడల్పాటి చట్రం ఉండేవి. క్లిప్ ఊడినా పాదానికి ఆధారం ఉంటుంది. మూడు, ఒకవైపు క్లిప్, రెండోవైపు చదును ఉండేవి. ఇవి కాక గుడ్లు గిలక్కొట్టే కవ్వంలా నాలుగు వైపులా తెరుచుకుని ఉండే ఎగ్‌బీటర్లు ఉన్నాయి. వాటిలో బురద నిలవదు. వానాకాలంలో దల్మా కింద ఎర్రబురద చూసినవాళ్ళకు వాటి విలువ అర్థమవుతుంది.

నా సైకిలు ఆదివారం కొండకు వెళ్తుంది, మిగతా ఆరు రోజులూ నల్లబూట్లతో బడికి వెళ్తుంది. దారిలో మాంగో వంతెన ఉంది. పొద్దున పూట ఆ వంతెన మీద ఆటోలు, బస్సులు, స్కూటర్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి. "ఆ వంతెన మీద కాళ్ళు కట్టేసుకుని వెళ్తానంటే ఒప్పుకోను" అని అమ్మ ముందే చెప్పింది. అది చాదస్తం కాదు, ఆలోచిస్తే నాకూ సబబే అనిపించింది. అందుకని మూడో రకం ఎంచుకున్నాను. బడికి చదును వైపు, బాటకు క్లిప్ వైపు. ప్రతిసారీ సరైన వైపు కాలితో వెతుక్కోవాలి, అదొక్కటే ఇబ్బంది.

క్లీట్లలోనూ రెండు రకాలున్నాయి. షిమానోలో నల్లటి ఎస్‌హెచ్51 మడమను పక్కకు తిప్పితేనే ఊడుతుంది. వెండిరంగు ఎస్‌హెచ్56 మడమను ఏటవాలుగా పైకి లాగినా ఊడుతుంది. కంగారులో కాలు పైకి లాగడం మనిషి స్వభావం కాబట్టి మొదటిసారికి నేను వెండిరంగువి తీసుకున్నాను. అలవాటయ్యాక నల్లవాటికి మారవచ్చు.

బూట్ల దగ్గర ఇంకా ఎక్కువ సమయం పట్టింది. సాక్చీలో రెండు దుకాణాలు తిరిగినా నా 38 సైజు దొరకలేదు. ఉన్నవన్నీ 41 పైన, మగవాళ్ళ కొలతలే. తెప్పించుకోక తప్పలేదు. తెప్పించుకునేటప్పుడు కొలత సరిగ్గా ఉండాలి. సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి, అందుకని సాయంత్రం పూట, సాక్సు వేసుకుని, కాగితం మీద నిలబడి, పెన్సిలుతో రెండు పాదాల చుట్టూ గీయించుకున్నాను. నా కుడిపాదం ఎడమ దానికన్నా కొంచెం పెద్దదని అప్పుడే తెలిసింది. పెద్ద పాదానికే సైజు చూసుకోవాలి. చిన్నప్పటి నుంచి చెప్పులతో తిరిగినవాళ్ళం కాబట్టి మనలో చాలామందికి పాదం ముందువైపు వెడల్పుగా ఉంటుంది. అందుకని పొడవే కాదు, వెడల్పూ చూసుకోవాలి. రెండేళ్ళుగా నా సైజు మారలేదు కాబట్టి ధైర్యం చేశాను. ఇంకా ఎదిగే వయసులో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కొంచెం ఆగడమే మంచిది.

అట్ట ఎంత గట్టిగా ఉంటే తొక్కిన బలం అంత బాగా పెడల్‌కు చేరుతుంది. కానీ మరీ గట్టి కార్బన్ అట్టతో రాళ్ళ మీద నడిస్తే పట్టు దొరకదు. నేను కొంచెం వంగే అట్ట, లోతైన గీతలున్న రబ్బరు అడుగు ఎంచుకున్నాను. పైన లేసులు, వాటి మీద ఒక పట్టీ. వదులు లేసు గొలుసులో చిక్కుకోకుండా పట్టీ కాపాడుతుంది.

క్లీట్ బిగించడం ఇంట్లోనే చేయవచ్చు. బూటు వేసుకుని, బొటనవేలి మూలలో ఉబ్బెత్తుగా తగిలే ఎముక దగ్గర ఒక గీత, చిటికెనవేలి మూలలో ఇంకో గీత పెట్టుకోవాలి. ఆ రెంటి మధ్య క్లీట్ రావాలి. 4 మిల్లీమీటర్ల ఆలెన్ కీ చాలు. మరలకు కాస్త గ్రీజు రాయాలి, లేకపోతే తుప్పు పట్టి తర్వాత ఊడవు. కోణం సరిగ్గా లేకపోతే మోకాలు నొప్పి పెడుతుంది. నొప్పిని భరించకూడదు, దిగి సరిచేసుకోవాలి. పెడల్ స్ప్రింగు బిగుతును మొదట బాగా తగ్గించి ఉంచాలి.

మొదటి వారం నేను ఎక్కడికీ వెళ్ళలేదు. మా డాబా కింద గోడకు చెయ్యి ఆనించి, సీటు మీద కూర్చుని, ఒక్కో కాలూ రోజుకు యాభైసార్లు పెట్టడం, తీయడం. మడమ బయటికి తిప్పితే 'టక్' మని ఊడుతుంది. రెండో వారం గడ్డి ఉన్న మైదానంలో. అక్కడ నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఇది: ఆగాక కాలు తీయకూడదు, ఆగబోయే ముందే తీయాలి. బలంగా లాగనక్కర్లేదు, మెల్లగా తిప్పితే ఊడుతుంది. మూడో వారం డిమ్నా వెళ్ళాను. సరస్సు పక్క రాళ్ళ దిగుడులో సైకిలు ఎంత ఎగిరినా పాదాలు పెడళ్ళ మీదే ఉన్నాయి. కిందికి వచ్చాక వెనక్కి చూస్తే, ఏడాదిగా భయపడిన దిగుడు చిన్నగా కనిపించింది.

ఈ వ్యాసం అచ్చయ్యేసరికి మా బదిలీ ఉత్తర్వులు వచ్చి ఉండవచ్చు, రాకపోయి ఉండవచ్చు. వస్తే సైకిలు మా జట్టులోని చిన్నమ్మాయికి ఇవ్వాలని అనుకున్నాం. ఆజాద్‌నగర్‌లో సైకిళ్ళు బాగుచేసే చాచా పెడళ్ళు విప్పడం నాకు చూపించాడు. కుడి పెడల్ మామూలు మర, ఎడమ పెడల్ తిరగేసిన మర. గుర్తుపెట్టుకోవడానికి ఒకటే సూత్రం: స్పానర్ పెడల్ మీద పైకి నిలబెట్టి, ఏ వైపైనా వెనకచక్రం దిక్కుకు తిప్పితే ఊడుతుంది, ముందుచక్రం దిక్కుకు తిప్పితే బిగుస్తుంది. 15 మిల్లీమీటర్ల స్పానర్ ఒకటి నాన్న కొనిచ్చారు. దాన్ని బూట్ల పెట్టెలో పెట్టుకున్నాను. మీ ఊరికే మేం వస్తే, అక్కడ మట్టిబాటలు ఎటువైపు ఉన్నాయో చెప్పండి.